కాయకష్టము – వ్యాయామము – ఆరోగ్యము
(ముంబాయి తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము అయినది. ఏ రాశివారికి ఆదాయమెంతో వ్యయమెంతో విన్నాము. ఇక శరీరపు ఆదాయ వ్యయములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించినారు. నేను పహిల్వానును కాను, శరీరధర్మ శాస్త్రము బోధించిన పంతులును. పిల్లల నాటకము మొదలుపెట్టేలోగా ముగిస్తాను. ఉగాది పచ్చడిలో వేపపువ్వు వంతు నాకు వచ్చినదని అనుకొని ఓపికతో వినండి.

ఈ నగరములో మనవారి చరిత్ర చాలవరకు కాయకష్టపు చరిత్ర. తెలంగాణా పల్లెలనుండి వచ్చినవారు రాళ్ళు కొట్టినారు, రోడ్లు వేసినారు, భవనములు కట్టినారు. కామాటిపురా అన్న పేరు ఆ కామాటీల వలననే వచ్చినది. మగ్గము తెలిసినవారు వర్లీ, పరేలు ప్రాంతములలోని బట్టల మిల్లులలో చేరినారు. 1982 జనవరిలో మొదలైన సమ్మె తరువాత ఆ మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినవి. మిల్లు పొగగొట్టములు ఉన్న చోట గాజు మేడలు లేచినవి. మిల్లులో ఎనిమిది గంటలు నిలబడినవారి మనుమలు, మనుమరాళ్ళు ఈనాడు అటువంటి మేడలలో ఎనిమిది గంటలు కూర్చొని పనిచేస్తున్నారు. పిల్లలు చదువుకోవాలని పెద్దలు కడుపు కట్టుకొన్నందుకు దక్కిన ఫలమిది. సంతోషించవలసినదే.

అయితే ఒక చిక్కు ఉన్నది. మూడు తరములలో మన పని మారినది. గుండె మారలేదు, కండరము మారలేదు. అవి ఇంకా కదలిక కోసమే ఎదురుచూస్తున్నవి. తాతగారు కట్టిన ఇల్లు మనుమనికి వస్తుంది. తాతగారు పడిన కష్టము వలన ఆయన గుండెకు కలిగిన బలము మనుమనికి రాదు. అంతేకాదు, మనము ఇరవై ఏండ్ల వయసులో సంపాదించిన బలము కూడా నలభయ్యవ ఏట మన లెక్కలో మిగలదు. ఈ ఒక్క సంగతి మీ మనస్సులలో నాటగలిగితే నా ప్రసంగము సఫలమైనట్లే.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. పాతరోజులలో అందరూ ఒళ్ళు వంచి పనిచేసినారు గనుక అందరూ ఆరోగ్యముగా ఉండినారని అనడము న్యాయము కాదు. మిల్లులలో దూదిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయినవారు ఉన్నారు. నీళ్ళబిందెలు మోసి నడుము విరిగిన తల్లులు ఉన్నారు. చాలినంత తిండి, విశ్రాంతి, మంచి గాలి లేని కష్టము మనిషిని అరగదీస్తుంది. కాయకష్టములో ఎప్పుడు ఆగవలెనో నిర్ణయించేది యజమాని. వ్యాయామములో నిర్ణయించేది మనము. నేటికీ బరువులు మోసి బ్రతుకుతున్న మనవారికి వ్యాయామము చేయండని చెప్పడము ఎగతాళి అవుతుంది. వారికి కావలసినది విశ్రాంతి, మంచి కూలి. నా మాటలు కుర్చీకి అంటుకొనిపోయిన మిగిలినవారి కోసము.

కండరము కదలడానికి ఇంధనమేది? ఈ ప్రశ్నకు సమాధానము దొరకడములో మన తెలుగువాని చేయి ఉన్నది. ఆయన 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1923లో ఆయన సముద్రము దాటి అమెరికాలోని బోస్టను నగరము చేరినారు. చేతిలో డబ్బులేక ఆస్పత్రిలో రాత్రి పూట చిల్లరపని చేస్తూ చదువుకొన్నారు. హార్వర్డు విశ్వవిద్యాలయములో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి కండరములోని భాస్వరమును కొలిచే పనిలో దిగినారు. 1927లో వారిద్దరూ ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థమును ప్రకటించినారు. కండరము పనిచేసేటప్పుడు అది తరుగుతుంది, విశ్రాంతిలో మళ్ళీ చేరుకొంటుంది. అంతవరకు కండరపు పనికి లాక్టిక్ ఆమ్లమే మూలమని పెద్దపెద్ద శాస్త్రజ్ఞులు నమ్మినారు. ఈ పరిశోధన ఆ నమ్మకమును కదిలించినది. 1929లో ఏ.టి.పి. అనే పదార్థమును జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్కే సుబ్బారావులు వేరువేరుగా వెల్లడించినారు. మీరు ఇప్పుడు రెప్ప వేసినా, చప్పట్లు కొట్టినా ఖర్చయ్యేది ఆ ఏ.టి.పి.యే. వలస వచ్చిన తెలుగువారి సభలో, వలస వెళ్ళిన ఆ తెలుగువానిని తలచుకొనకుండా ఈ విషయము చెప్పలేను.

ఆ ఇంధనపు ఏర్పాటు మన ఇంటి ఖర్చును పోలి ఉంటుంది. కండరములో సిద్ధముగా ఉన్న ఏ.టి.పి. జేబులోని చిల్లర, రెండు మూడు సెకండ్లలో అయిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ పోపులపెట్టెలో దాచిన నోటు. కదిలిపోతున్న లోకల్ రైలు కోసము పరుగెత్తే పది సెకండ్లకు అది అక్కరకు వస్తుంది. ఆ తరువాత కండరములో నిలువచేసిన చక్కెరను ప్రాణవాయువు సాయము చాలకుండానే విరగగొట్టి ఒకటి రెండు నిమిషములు గడుపుకోవచ్చును. అది చేబదులు వంటిది. ఇక అరగంట నడవాలంటే నెలజీతము ఉండవలసినదే. అనగా ఊపిరితిత్తులు ప్రాణవాయువును పీల్చాలి, గుండె దానిని రక్తములో పంపాలి, కండరము దానితో చక్కెరను, కొవ్వును కాల్చుకోవాలి.

విశ్రాంతిలో ఉన్న మనిషి గుండె నిమిషమునకు సుమారు అయిదు లీటర్ల రక్తము పంపుతుంది. అందులో కండరములకు చేరేది అయిదవ వంతు మాత్రమే. గట్టిగా శ్రమించినప్పుడు ఆ అయిదు లీటర్లు ఇరవై వరకు పెరుగుతవి, అందులో నాలుగు వంతులకు పైగా కండరములకే పోతుంది. నెలల తరబడి క్రమముగా ఇట్లా చేస్తే గుండె ఒక్కొక్క దెబ్బకు ఎక్కువ రక్తము పంపడము నేర్చుకొంటుంది. నిమిషమునకు 70 సార్లు కొట్టుకొనే గుండె 60 సార్లతో అదే పని చేయగలుగుతుంది. దినమునకు 14,400 దెబ్బలు ఆదా! కండరములలో సన్నని రక్తనాళములు పెరుగుతవి. బరువు పడిన ఎముక గట్టిపడుతుంది. రక్తపోటు తగ్గుతుంది, నిద్ర బాగా పడుతుంది, దిగులు కూడా తగ్గుతుంది.

ఇదంతా నిజముగా ప్రాణము నిలుపుతుందా? దీనిని మొదట లెక్కలతో చూపినది లండను నగరపు బస్సులు. మన ముంబాయిలో 1937 నుండి రెండంతస్తుల బస్సులు తిరిగినవి. పాత డీజిలు బండ్లు 2023లో వెళ్ళిపోయి కరెంటు బండ్లు వచ్చినవి. లండనులోని అటువంటి బస్సులలో డ్రైవరు రోజంతా కూర్చొనేవాడు. కండక్టరు టికెట్లు కొట్టుతూ క్రిందికీ మీదికీ రోజుకు 500 నుండి 750 మెట్లు ఎక్కేవాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే బస్తీ, ఇంచుమించు ఒకే బ్రతుకు. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 35 నుండి 64 ఏండ్ల మధ్య వయసుగల 31,000 మంది రవాణా ఉద్యోగుల వ్యాధుల లెక్కలు తీసి 1953లో ప్రకటించినారు. కండక్టర్లలో గుండెజబ్బు డ్రైవర్లకంటె తక్కువ. వచ్చినా వయసు ముదిరిన తరువాత వచ్చినది, అంత తీవ్రముగా రాలేదు. తపాలాశాఖలో కూడా అదే కథ: ఉత్తరములు పంచే జవానులకంటె కుర్చీలో కూర్చొన్న గుమాస్తాలకే గుండెజబ్బు ఎక్కువ.

మోరిస్‌గారు అక్కడితో తృప్తిపడలేదు. అసలు లావుగా ఉన్నవారే డ్రైవరు పనికి చేరుతున్నారేమో అని అనుమానించినారు. ఉద్యోగులకు సంస్థ కుట్టించి ఇచ్చిన యూనిఫారముల కొలతలు తెప్పించినారు. అనుమానము నిజమే, డ్రైవర్ల నడుము కొలత ఎక్కువగానే ఉన్నది. ఆ సంగతి దాచకుండా 1956లో ఆయనే ప్రకటించినారు. తరువాత లెక్కలు మళ్ళీ విడదీసి చూడగా, లావు కొంత కారణమే గాని అంతా అది కాదని తేలినది. బొజ్జ ఉన్న కండక్టరుకు కూడా బొజ్జ ఉన్న డ్రైవరుకంటె అపాయము తక్కువ. తన పరిశోధనను తాను ఆచరణలో పెట్టిన మోరిస్‌గారు 2009లో, 99 ఏండ్ల వయసులో కాలము చేసినారు.

మెట్ల మాట వచ్చినది గనుక ఒక్క మాట. మన చాళ్ళలో మూడవ అంతస్తుకు నీళ్ళు, కూరగాయలు, చంటిపిల్లలతో ఎక్కి దిగినవారే మన పెద్దలు. ఇప్పుడు చాల్ పోయి టవరు వచ్చినది. మెట్లు ఉన్నవి, వాటికి తలుపు కూడా ఉన్నది, ఆ తలుపు తీసేవారు లేరు.

రెండవ ఉదాహరణ మన దేశములోనిదే. కలకత్తా దగ్గర హుగ్లీ తీరపు జనపనార మిల్లులకు ఉత్తర కోస్తా నుండి, గంజాము నుండి ఎందరో తెలుగువారు వలస వెళ్ళినారు. పశ్చిమ బెంగాలులోని అటువంటి మిల్లు ఒకదానిలో 213 మంది తిండిని, బరువును, పనిని జీన్ మేయర్ అనే పోషక శాస్త్రజ్ఞుడు భారతీయ సహచరులతో కలిసి కొలిచి 1956లో ప్రకటించినారు. తేలిక పని చేసేవారినుండి బరువులు మోసేవారివరకు చూస్తే, పని పెరిగినకొద్దీ తిండి పెరిగినది, శరీరపు బరువు మాత్రము ఒక తీరుగానే ఉన్నది. ఆకలి తన లెక్క తాను సరిగా చూసుకొన్నది. కాని ఏ కదలికా లేక కూర్చొనేవారి దగ్గరకు వచ్చేసరికి ఆ లెక్క తప్పినది. పని తగ్గినా వారి తిండి తగ్గలేదు; పైగా హెచ్చినది, బరువూ హెచ్చినది. కదలని శరీరమునకు ఎంత తినవలెనో తెలియదు. “నాకు ఆకలి వేస్తున్నది, అందుకే తింటున్నాను” అనే మాట, ఉదయమునుండి కుర్చీ దిగనివారి విషయములో, అంత నమ్మదగిన సాక్ష్యము కాదు.

ఇప్పుడు నేను మొదట చెప్పిన మాటకు వస్తాను: బలము నిలువ ఉండదని. 1966లో అమెరికాలోని డల్లాసులో అయిదుగురు ఇరవై ఏండ్ల ఆరోగ్యవంతులను మూడు వారములు మంచము దిగకుండా పడుకోబెట్టినారు. శరీరము అత్యధికముగా వాడుకోగల ప్రాణవాయువు పరిమాణము ఆ మూడు వారములలో నాలుగవ వంతుకు పైగా పడిపోయినది. ముప్పై ఏండ్లు గడిచిన తరువాత అదే అయిదుగురిని మళ్ళీ పరీక్షించినారు. ముప్పై ఏండ్ల వయసు చేసిన నష్టముకంటె ఆనాటి మూడు వారముల మంచము చేసిన నష్టమే హెచ్చుగా కనిపించినది! అయిదుగురు చాలా తక్కువ సంఖ్యే, అయినా ఇతర పరిశోధనలు కూడా ఈ దారినే చూపినవి. ఇందులో శుభవార్త కూడా ఉన్నది. యాభై ఏండ్ల ఆ మనుష్యులు ఆరు నెలలపాటు నడక, పరుగు, సైకిలు కొద్దికొద్దిగా పెంచుకొంటూ పోతే, వయసు వలన పోయిన ప్రాణవాయువు సామర్థ్యము తిరిగి వచ్చినది. నా ముందు వరుసలో కూర్చొన్న పెద్దలు ఈ వాక్యమును ఇంటికి తీసుకొనిపోవాలి.

హార్వర్డులో చదివి వెళ్ళిన 16,936 మంది పురుషుల జీవితములను రాల్ఫ్ పాఫెన్‌బార్గర్ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించి 1978లో ఫలితములు వెల్లడించినాడు. కాలేజీ రోజులలో క్రీడాకారులుగా పేరు పొంది, తరువాత మానివేసినవారికి గుండెపోటునుండి రక్షణ దొరకలేదు. కాలేజీలో బంతి ముట్టనివారు కూడా తరువాత శ్రమ అలవాటు చేసుకొంటే వారికి రక్షణ దొరికినది. “నేను ఒకప్పుడు చెడుగుడు జట్టుకు నాయకుణ్ణి” అని చెప్పుకొనే మిత్రులు ఇక్కడ లేకపోలేదు. ఆ కప్పులు అలమరలో ఉండనీయండి, గుండె వాటిని గుర్తించదు.

మన కుటుంబములకు గుండెజబ్బుతోపాటు దగ్గరగా వచ్చిన ముప్పు మధుమేహము. దేశములో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి ఈ వ్యాధి ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగిన సర్వే 2023లో అంచనా వేసినది. “మేము సన్నగా ఉన్నాము గదా” అని ధైర్యపడడానికి వీలులేదు. పూనాకు చెందిన డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్‌గారు, లండను మిత్రుడు జాన్ యుడ్కిన్‌తో కలిసి తీయించుకొన్న ఒక ఫోటో 2004లో వైద్య పత్రికలో వచ్చినది. ఎత్తుకు తగిన బరువు లెక్కలో ఇద్దరూ సరిగ్గా సమానమే. కాని ఒంటిలోని కొవ్వు తెల్లవానికి నూటికి 9.1 పాళ్ళు, మనవానికి 21.2 పాళ్ళు. మనది సన్నని చొక్కాలో దాగిన కొవ్వు, కండ తక్కువ.

కండ ఎందుకు ముఖ్యము? అన్నము తిన్న తరువాత రక్తములో చేరిన చక్కెరను ఎక్కువగా తీసుకొనేది కండరమే. తలుపు తీయడానికి ఇన్సులిన్ అనే తాళపుచెవి కావాలి. మధుమేహములో ఆ తాళపుచెవి సరిగా తిరగదు. అయితే పనిచేస్తున్న కండరము ఇన్సులిన్ కోసము ఆగదు. తన తలుపు తానే తీసుకొని చక్కెరను లోపలికి పిలుచుకొంటుంది. నడక ఆపిన తరువాత కూడా ఒకటి రెండు రోజులు ఆ తాళము సులువుగా తిరుగుతుంది. అందుకే వరుసగా రెండు రోజులు వ్యాయామము మానరాదని వైద్యులు చెపుతారు.

చెన్నైలో డాక్టరు ఎ. రామచంద్రన్‌గారి బృందము 531 మందిపై జరిపిన పరీక్ష 2006లో వెలువడినది. వారందరూ మధుమేహపు గడపమీద నిలబడినవారు. మామూలు సలహాతో సరిపెట్టినవారిలో మూడేండ్లలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చినది. రోజుకు అరగంట చురుకైన నడక, మితమైన ఆహారము పాటింపజేసిన వర్గములో అది నూటికి 39 మాత్రమే. మందు మాత్రలు మింగినవారిలో కూడా ఇంచుమించు అంతే. అనగా ఈ గడపమీద నిలబడినవారికి తిండిలో మితము, కాళ్ళకు పని కలిస్తే మాత్రతో సమానమైన ఫలము. ఇది ఎక్కడో చలిదేశపు మాట కాదు, ఇడ్లీ సాంబారు తినే మనుష్యులపై జరిగిన పరీక్ష.

ఇక ఏమి చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా చెపుతాను. పెద్దవారికి వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యరకపు శ్రమ కావాలి. మధ్యరకము అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రము పాడలేకపోవాలి. పరుగువంటి గట్టి శ్రమ అయితే అందులో సగము కాలము చాలును. వారమునకు రెండు రోజులైనా కండరములకు బరువు తగలాలి. దండీలు, బస్కీలు మనకు తెలియనివి కావు. నేలమీద చేయలేనివారు గోడకు చేతులు ఆనించి దండీలు తీయవచ్చును, కుర్చీలోనుండి చేయి ఆనకుండా పదిసార్లు లేవవచ్చును. 65 ఏండ్లు దాటినవారు వారమునకు మూడు రోజులు తూలకుండా నిలబడే అభ్యాసము చేయాలి. పడి తుంటి ఎముక విరగడము ఆ వయసులో ఎంత ప్రమాదమో మీకు తెలియనిది కాదు. పిల్లలకు రోజుకు గంట ఆట అవసరము. ట్యూషను ఎంత ముఖ్యమో తొక్కుడుబిళ్ళ అంత ముఖ్యమని తల్లిదండ్రులు గ్రహించాలి.

తల్లులు, అక్కచెల్లెండ్రు “ఇంటిపని చాలదా?” అని అడుగుతారు. ఒళ్ళు వంచి ఊడవడము, గుడ్డలు ఉతకడము నిశ్చయముగా లెక్కలోకి వస్తవి. కాని రోలు, తిరగలి పోయి మిక్సీ వచ్చిన తరువాత, పొయ్యిముందు నిలబడడము అలసటనిస్తుంది గాని గుండెకు పని చెప్పదు. అలసట వేరు, వ్యాయామము వేరు. ఆమెకు ఆ అరగంట దొరకాలంటే ఇంటిలో మగవారు ఒక పని అందుకోవాలి. ఈ మాటకు చప్పట్లు ఎటువైపునుండి వస్తున్నవో గమనిస్తూనే ఉన్నాను.

రెండు జాగ్రత్తలు. చాలాకాలము కదలనివారు మొదటిరోజునే పరుగు మొదలుపెట్టరాదు. పది నిమిషముల నడకతో ఆరంభించి వారము వారము పెంచుకోవాలి. గుండెజబ్బు, మధుమేహము ఉన్నవారు, నడిస్తే ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడము, ఆయాసము కలిగేవారు ముందుగా వైద్యుని చూడాలి. ఇన్సులిన్ తీసుకొనేవారు చక్కెర పడిపోకుండా చూసుకోవాలి. వ్యాయామము మందుకు తోడు. డాక్టరును అడుగకుండా మందు మానరాదు.

చివరగా సంఘమువారికి ఒక విన్నపము. మనము ఏడాదికొకసారి కలిసి బొబ్బట్లు తింటున్నాము, అది మానవద్దు. దానితోపాటు ఆదివారము ఉదయము ఒక గంట కలిసి నడిచే ఏర్పాటు చేయండి. దసరాకు తొమ్మిది రోజులు బతుకమ్మ ఆడే మన ఆడపడుచులు ఆ అడుగులను ఏడాది పొడుగునా ఎందుకు వేయరాదు? కోలాటము తెలిసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. పిల్లలకు నేర్పితే భాష, పాట, గుండె మూడూ నిలుస్తవి. ఒంటరిగా మొదలుపెట్టిన నడక వానకాలము రాగానే ఆగిపోతుంది. పక్కింటివారు తలుపు తట్టితే ఆగదు.

మన పెద్దలు ఈ ఊరికి కాళ్ళమీద ఆధారపడి వచ్చినారు. వారు మనకు కుర్చీ సంపాదించి ఇచ్చినారు. ఆ కుర్చీలో కూర్చొందాము, దానినుండి లేవడము మాత్రము మరచిపోవద్దు.  ఇక పిల్లల నాటకము. కాని అంతకుముందు అందరూ ఒకసారి లేచి, రెండు నిమిషములు అటూ ఇటూ నడిచి వచ్చి కూర్చోవలసినదిగా కోరుతున్నాను.